పేరు అరిగిన చోట

ఉదయగిరి కొండ కింద, గొడ్లసావిడి గుమ్మం ముందు
వెల్లకిలా పడుకుని ఉన్నాడు
పదమూడు వరసల బిరుదులవాడు.

పేడ కడిగాం. కొబ్బరిపీచుతో ఒకసారి, ఉత్తనీళ్ళతో ఏడుసార్లు.
ఏడో బిందె మోసుకొచ్చింది తలారి మాలకొండయ్య.
తడికాగితం పరిచి బ్రష్షుతో మోదాను,
ఆరీ ఆరకముందే సిరాగుడ్డ అద్దాను.
నల్లటి రాత్రిలోంచి తెల్లగా
ఒక్కో అక్షరం కళ్ళు తెరిచింది.

స్వస్తి అని మొదలు.
ఆ తర్వాత ఊపిరి తీసుకోనివ్వడు.
మండలేశ్వరుడట. పగవాడి గుండెలో శూలమట.
శరణన్నవాడికి వజ్రపంజరమట.
గండరగండడట.

"అంటే ఏంది సార్?"
అంటే మగలకు మగడు.
మాలకొండయ్య నవ్వాడు, పై వరసలో రెండు పళ్ళు లేవు.
"పొద్దుగూకితే మా ఈదిలో అందరూ వాళ్ళే గదా!"

సామంతుడట.
ఇక్కడ నేనే ఆగాను.
అంతం అంటే హద్దు.
మొదట్లో ఇంతే: గట్టుకు అవతలివాడు,
మన మడి నిండితే ఎవరి మడిలోకి నీళ్ళు వాలుతాయో వాడు.
ఎప్పుడో ఒక పొద్దున ఆ గట్టు మీదే నిలబడి వంగాడు.
పొరుగు అనే ఆ మాటకి
మళ్ళీ నడుం లేవలేదు.

సాక్షుల్లో ఒక లెంక ఉన్నాడు.
ఏలిక చస్తే తనూ చస్తానని ఒట్టేసినవాడు.
ఆ మాట ఇవాళ నెల్లూరులో, మా ఆఫీసు సందులో
మందుల షాపు బోర్డు మీద ఇంటిపేరై
హాయిగా బతుకుతోంది.

"మా తలారోళ్ళ మాట యాడా లేదా సార్?"

ఉంది. ఈ రాతిమీద కాదు.
కృష్ణ ఒడ్డున, ఇంతకంటే ఎంతో ముసలి రాళ్ళ మీద
మహాతలవరులున్నారు. రాజులతో వియ్యమందినవాళ్ళు.
వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బుద్ధుడికి స్తంభాలు నిలిపారు.
ఆ తలవరే నలిగి నలిగి తలారి అయిందంటారు
చదువుకున్నవాళ్ళు.

బిందె కింద పెట్టాడు. ఖాకీ చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు.
"మా నాయన దండోరా ఏసేవోడు.
డప్పు చేతిలో, చెప్పులు చంకలో.
పెద్దిళ్ళ అరుగులు దాటిందాకా తొడగను లేదు."
కాసేపటికి మళ్ళీ తనే:
"ఆ మహా యాడ పడిపోయింది సార్, దోవలో?"

పదాలు ఎలా అరుగుతాయో చెప్పగలను.
అరిగిన పొడి ఎక్కడికి పోతుందో
నాకెవరూ చెప్పలేదు.

ఆయన కొత్త బిరుదు వీఆర్ఏ.
జీతం కాగితం మీద అదే,
తహసీల్దారు ఆఫీసు ఫోన్లలో అదే.
మాలకొండా అని పిలిచే అక్క ఒకతి ఉండేదట,
పోయినేడు ఆ పిలుపూ ఆగింది.

పద్నాలుగో వరస.
బిరుదులన్నీ అయిపోయి ఇక పేరు రావాలి.
రాలేదు.
జానెడు మేర కాగితం నల్లగానే ఉండిపోయింది.
వేలితో తడిమితే రాయి గాజులా నున్నగా ఉంది.
గేదె లోపలికొస్తూ రోజూ మొదటి గిట్ట మోపే చోటు అది.
ఆ తర్వాత మళ్ళీ అక్షరాలు:
బాటసారులకు బావి, బావి కాచేవాడికి రెండు తూముల చేను,
ఈ ధర్మం చెరిపినవాడు గంగ కరుత
కవిలను చంపిన పాపాన పోతాడని శాపం.
దానం ఉంది. శాపం ఉంది.
ఇచ్చినవాడు లేడు.

మాలకొండయ్య వంగి చాలాసేపు చూశాడు.
"ఆ పాపం మా బర్రెకి తగలదు గదా సార్?"

కాగితం ఒలిచి చుట్టాను. రిజిస్టరు తీశాను.
చూపినవారు అనే గడిలో
ఇరవయ్యేళ్ళుగా, ఏ ఊళ్ళో అయినా
గ్రామ తలారి అని రాయడం నా అలవాటు.
ఈసారి పెన్ను ఆపి, పూర్తి పేరు చెప్పమన్నాను.

"పూర్తిగానా?"

ఇంటిపేరు గుర్తుచేసుకుంటున్నాడు.
ఈలోగా మేతనుంచి గేదె వచ్చింది.
మేమిద్దరం పక్కకి జరిగి దారిచ్చాం.