గంటకు నూట యాభై

సీజన్ అయిపోయింది.
పదకొండు హంసల్నీ గట్టుకు లాగి బోర్లించాను.
పెడల్ బోట్లు. మెడలు ఫైబర్‌వి,
పసుపు ముక్కులకు ప్రతి మే నెలలో నేనే రంగు వేస్తాను.
పన్నెండోది రెండేళ్ల కిందట మునిగింది.
బ్ర్నో నుంచి వచ్చిన కొత్త జంట బీరు మత్తులో బండకు గుద్దారు,
నవ్వుకుంటూ ఈదుకొచ్చారు.
డిపాజిట్ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

దీన్ని అందరూ సరస్సు అంటారు.
మా అమ్మమ్మ బ్లాజెనా పోయేదాకా ఆ మాట అనలేదు.
"ఆపిన దియె" అనేది,
దారిలో ఎవరో చెయ్యి పట్టుకుని ఆపినట్టు.

దియెలు నిజానికి రెండు.
ఒకటి మొరావియాలో పుట్టింది, ఒకటి ఆస్ట్రియాలో.
ఒకే పేరున్న తోడికోడళ్లు,
సరిహద్దు అవతల రాబ్స్ కోట కింద కలుసుకుంటారు.
ముళ్లకంచె రోజుల్లో మనుషుల్ని కాగితాలడిగారు,
నీళ్లను అడగలేకపోయారు.
ఇంకా దిగువన ఝెలెతావ్కా వచ్చి చేరుతుంది
దారిలోని చెరువులన్నీ పలకరించి, కార్ప్ చేపల వాసనతో,
ఆలస్యంగా వచ్చి వెనక బల్ల మీద కూర్చునే పిల్లలాగా.
వాన వెలిసిన మర్నాడు రెండు రంగులూ
కొంతదూరం ఎడమొగం పెడమొగంగానే నడుస్తాయి.
రాజీపడేలోపు ఆనకట్ట.

"అడుగున ఊరుందట కదా?"
లైఫ్ జాకెట్ తొడుక్కుంటూ పిల్లలడుగుతారు.
"రాత్రిళ్లు చర్చి గంట వినిపిస్తుందట కదా?"
నేను నీళ్లు నములుతాను.
గంటకు నూట యాభై క్రౌన్లు, అంటాను.

ఆ గంటను ముందే దించేశారు. అమ్మమ్మ చూసింది.
గడ్డి పరిచిన బండిలో పడుకోబెట్టి,
దారిలో మోగకుండా నాలుకకు గోనెగుడ్డ చుట్టి.
మునిగినవన్నీ మోగనివే,
పందుల దొడ్డి, ప్లమ్ చెట్ల మొదళ్లు,
తొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడో దాచి మరిచిపోయిన చెక్కబొమ్మ.

ఈ ఏడు ఆనకట్ట తలుపులు బాగుచెయ్యాలని
అక్టోబరులో నీళ్లు దించారు.
బురద, పగుళ్లు, ఆల్చిప్పలు.
చలువ కళ్లద్దాలు నలభై దాకా లెక్కపెట్టి మానేశాను.
రబ్బరు బూట్లతో దిగాను.
అమ్మమ్మ నా అరచేతిలో వేలితో గీసి చూపించిన దారి:
వంతెన దాటాక మూడో గుమ్మం,
గుమ్మం పక్కన గొడ్డలి నూరే రాయి.

గోడల్లేవు. వెళ్లేటప్పుడు వాళ్లే కూల్చుకున్నారు,
పనికొచ్చిన ఇటుకలు గుట్టమీది కొత్త ఊరికి మోసుకున్నారు.
పునాది ఉంది. రాయి ఉంది,
నడిమధ్య అరిగిన పల్లం, అందులో చారెడు నీళ్లు.

పొయ్యి ఉండాల్సిన మూలలో
నా పన్నెండో హంస.
ఒక పక్కకు ఒరిగి, మెడ చాచి,
చలికి ఇంట్లోకొచ్చిన పెంపుడు బాతులాగా.
పసుపు ముక్కు ఇంకా పసుపే. పెయింటు మంచిది.
వీపు మీద పన్నెండు అంకె చెరగలేదు.
అమ్మమ్మవాళ్ల ఇంటి నంబరెంతో ఎవరికీ గుర్తులేదు.
ఇక ఇదే అనుకుందాం.

ట్రాక్టరు తెమ్మని ఒత్మార్‌కు ఫోన్ చెయ్యబోయి
జేబులో పెట్టేశాను.

అవతల బురద నడుమ
దియె తన పాత దారి పట్టుకుంది.
ఎనభై చిల్లర ఏళ్ల తర్వాత, ఎవరినీ అడక్కుండా,
బట్టలుతికే బండల దగ్గర అమ్మమ్మ చెప్పిన వంపే తిరిగి,
మోకాటి లోతున, చప్పుడు చేసుకుంటూ.
యాభై ఆరేళ్లు ఈ నీళ్ల మీదే బతికాను,
దాని గొంతు వినడం ఇదే మొదలు.
మా అమ్మమ్మ విసుక్కుంటే ఇలాగే ఉండేది.

వసంతంలో తలుపులు మూసేస్తారు.
మూసెయ్యాలి కూడా. నాకు అప్పులున్నాయి,
పదకొండు హంసలున్నాయి.
ఆ రాతి మీద కూర్చున్నాను
వంపు కనబడనంత చీకటి పడేదాకా.

బేరానికైతే రెండు గంటలు,
మూడు వందల క్రౌన్లు.