మూడో కౌంటరు

నలభై ఒకటి అని పిలిచాను.
లూసియెన్ దుబే లేచాడు.
చేతిలో కాయితాలు లేవు,
మంచూ మట్టీ అంటిన నంబరు ప్లేటు ఉంది.

ఐదేళ్ళ కిందట అది ఇచ్చింది నేనే.
సైన్యం వేలంలో వదిలించుకున్న లారీ,
ఆరు చక్రాలు, ఆకుపచ్చ రంగు,
తలుపు మీద ఎంత గీకినా పోని తెల్లంకెలు.
దాని దస్తావేజుని ఆ రోజు
కోడిగుడ్ల బుట్టలా తెచ్చి బల్ల మీద దించాడు.
కింద మూల ఎర్రటి ముద్ర:
రోడ్డు మీద నడపడానికి కాదు.

చూశాను. చూడనట్టు ఊరుకోలేదు కూడా,
లోపలికెళ్ళి పై అధికారి ఆల్డెన్‌ని అడిగాను.
"పాతబండి కింద రాసెయ్" అన్నాడు, నోట్లో రొట్టెతో.
రాసేశాను.
ప్రభుత్వం అంటే ఒక్కోసారి
నోట్లో రొట్టె ఉన్న మనిషి.

ఆ ఐదు చలికాలాలూ
నది ఒడ్డు వెంట ఇరుక్కున్న ప్రతిదాన్నీ ఆ లారీయే లాగింది:
పాల ట్యాంకరుని, బడి బస్సుని,
ఫిబ్రవరిలో ఓ రాత్రి, గోతిలో పడ్డ నా కారుని.
తాడు కడుతూ అతనేమీ అనలేదు.
ముద్ర సంగతి నేనూ ఎత్తలేదు.
ఆ రాత్రి నేను చట్టానికి విరుద్ధంగా ఇంటికి చేరి
వేడి సూపు తాగాను.

మొన్న రాజధాని నించి జాబితా వచ్చింది.
మా కౌంటీలో పదకొండు బళ్ళు. కారణాలు వరసగా:
గాలిసంచీలు లేవు, బెల్టులు లేవు,
అద్దానికి ధ్రువీకరణ లేదు.
పదకొండు ఉత్తరాలూ యంత్రమే మడిచింది,
కింద నా సంతకం కూడా అదే చేసింది,
నా చేతికన్నా అందంగా.

ఓడెట్ పినెట్ ముందే వచ్చి కూచుంది,
నలభై రెండో చీటీతో.
చర్చి మలుపులో ఆమె పోస్టుడబ్బానీ,
ఆమె కారు ముందు భాగాన్నీ
అప్పడంలా నలిపింది ఆ లారీయే.
"అతను చెడ్డవాడని అనను.
బ్రేకు తొక్కాడు, కళ్ళారా చూశాను.
అది ఆగేలోపు నాకు పదేళ్ళు మీదపడ్డాయి" అంది,
ఎవరూ అడక్కుండానే.
అతను టోపీ తీసి తల దించుకున్నాడు.
డబ్బాకి కొత్త గుంజ పాతింది అతనే.

తర్వాత నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.
"తలుపు లోపలివైపు ఎవడో కుర్రాడు
మేకుతో ఒక ఊరి పేరు చెక్కాడు.
నాకు పలకడం రాదు.
ఆ ఊళ్ళోనూ రోడ్లుంటాయి కదా,
చర్చో మరొకటో, దాని దగ్గర మలుపూ,
బడికెళ్ళే పిల్లలూ.
అక్కడ దీన్ని నడపొచ్చని
ఏ కౌంటరులో రాసిచ్చారు?"

నా తెర మీద అభ్యంతరాలకి ఎనిమిది గడులున్నాయి.
పైనించి కిందికి చదివాను,
కింద నించి పైకి చదివాను.
'ఇతరములు' నొక్కాను.
యాభై అక్షరాలు దాటరాదు అంది.

ప్లేటు కింద మంచు కరిగి
బల్ల మీద చిన్న మడుగు కట్టింది.
రసీదు ఇచ్చాను.
మరలు నాలుగూ ఏరి జేబులో వేసుకున్నాడు.
"ఇవి నేను కొన్నవి" అన్నాడు.

బయట అతని ట్రాక్టరు ఉంది.
దానికి బెల్టూ లేదు, తలుపులూ లేవు,
అయినా రోడ్డెక్కొచ్చు, ముద్ర అక్కర్లేదు.
గంటకి పదిహేను మైళ్ళ మీద
మెల్లగా వంతెన ఎక్కాడు.
వెనక బారుగా కార్లు,
దాటలేక, ఆగలేక, హారన్లు కొడుతూ.
మూడోది, ఆ నీలం రంగుది,
భోజనానికి బయల్దేరిన ఆల్డెన్‌ది.

నలభై రెండు, అన్నాను.