ఊదా మూత గొట్టం

మంగళవారం పొద్దున ఏడుంబావు.
అలిపిరి వైపు కిటికీ తెరిచి
సెంట్రిఫ్యూజ్ తుడిచి పెట్టాను.
ఇవాళ మొదటి పేరు చెంగల్రాయుడు.
డెబ్బై ఒకటి.
కల్యాణకట్టలో ముప్పై ఎనిమిదేళ్ళు కత్తి పట్టిన చెయ్యి.

ఆ చెయ్యి ఇప్పుడు నా బల్ల మీద
కనపడని మాత్రను వేళ్ళ మధ్య నలుపుతోంది.
"పట్టుకోమ్మా, అది నా మాట ఇనదు."
దొరసానమ్మ ఆయన మణికట్టు మీద
అరచేతి బరువు పెట్టింది,
ఎగిరే కోడిని గంప కింద మూసినట్టు.

నరం దొరకలేదు. రెండోసారి గుచ్చాను.
ఆయన నవ్వాడు.
ముఖం కాదు, ముఖం నవ్వడం మానేసి మూడేళ్ళు,
గొంతు నవ్వింది:
"దినానికి అరవై తలలు గీసినా
ఒక్కరికీ సుక్క నెత్తురు రానీలేదు నేను.
నువ్వేంది మే, ఒక్క చేతికి రెండు గాట్లా?"

ఊదా మూత గొట్టం నిండింది.
ఎనిమిదిసార్లు మెల్లగా తిరగేశాను.
మిషన్లో గిరగిరా తిరిగి ఆగేసరికి
ఎరుపు అడుక్కి దిగి
పైన ఎండుగడ్డి రంగు తేట.
అందులో మేం వెతికేదేమిటో చెప్పాలంటే
నాకు ఈయన పనే గుర్తొస్తుంది.
మెదడులో నరపు పోగు తెగినప్పుడు
దాని నార ఒకటి నెత్తుట్లోకి జారుతుంది.
ఎంత?
గరుడసేవ నాడు కొండ మీద రాలిన జుట్టంతా కుప్పపోసి
ఫలానా పసిబిడ్డ వెంట్రుక తీసిమ్మంటే
అంత.
మిషను తీసిస్తుంది.
అంకె చెబుతుంది. ఎవరి మొక్కో చెప్పదు.

పక్క గదిలో చిన్న డాక్టరు, కాగితం, పెన్సిలు.
గోడ చెక్కది, అన్నీ వినపడతాయి.
"వందలోంచి ఏడు తీసెయ్యండి తాతా."
"తొంబై మూడు."
"మళ్ళీ ఏడు."
"ఎనబై ఆరు."
"మళ్ళీ."

ఫ్యాను చప్పుడు.

పోయినేడు అరవై ఐదు దాకా దిగాడు,
అంతకుముందు డాక్టరు కంటే ముందే దిగాడు.

"ఏడంటే... శేషాద్రి, గరుడాద్రి, అంజనాద్రి..."
"కొండలు కాదు తాతా, లెక్క."
"లెక్కే గదప్పా. వృషభాద్రి. నారాయణాద్రి. వెంకటాద్రి.
ఇంకోటుండాలే."

నా పక్కన కూర్చున్న దొరసానమ్మ
పెదవులు కదిపింది, పైకి అనలేదు.
అందిస్తే మార్కు పోతుందని
ఎవరో చెప్పినట్టున్నారు.
నీలాద్రి.
తలనీలాలన్న మాట ఆ కొండ మీదే పుట్టిందని
మొదటిసారి వచ్చినప్పుడు
నాకు చెప్పింది ఆయనే.

పోతూ పోతూ ఆమె అడిగింది:
"రగతం ఏం జెప్పిందమ్మా?
నేనెంత కాలం గుర్తుంటాను ఆయనకి?"

నాకు తెలిసింది ఇంతే.
మూడొందల మంది గొట్టాలు వరసలో పెడితే
అంకె పెరిగిన వాళ్ళలో ఎక్కువమందికి
దారి తొందరగా మసకవుతోంది.
ఎక్కువమంది అంటే అందరూ కాదు.
ఈయన ఏ వైపు మనిషో
గొట్టానికి తెలీదు.
"ఇంకా తేల్లేదమ్మా" అన్నాను.
అబద్ధం కాదు.
చేతిలో పెట్టి పంపేంత నిజమూ కాదు.

వరండాలో ఎవరిదో పిల్లాడు, అప్పుడే గుండు,
ఆరని గంధం, కాళ్ళాడిస్తూ బెంచీ మీద.
చెంగల్రాయుడు ఆగాడు.
అడుగు పడక ఆగడం కాదది, నాకా తేడా తెలుసు.
వంగి, ఎడంచేత్తో పిల్లాడి గడ్డం పైకెత్తి
కుడి బొటనవేలు చెవి వెనక నిమిరాడు.
వణుకు లేదు.
చెయ్యి పనిలో పడితే కాసేపు తప్పుకుంటుందని
పుస్తకంలో చదివిందే.
"ఈడ నాలుగెంట్రుకలు వదిలేసినాడు.
ఎవుడో కొత్తోడు."
పిల్లాడి తల్లి తడిమి చూసింది.
ఉన్నాయి.

సాయంత్రం తేటను మూడు బుడ్లలో పంచి
మైనస్ ఎనభైలో పెట్టాను. పేరుండదు, నంబరే.
రిజిస్టరులో చివరి గడిలో రాశాను:
కుడి చెయ్యి. రెండుసార్లు గుచ్చాను.