తొంభై తొమ్మిది

వ్యాసం చివర, కృతజ్ఞతలు ముగిశాక,
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం:
సహేతుకంగా కోరినవారికి డేటా ఇవ్వబడును.

అడగందే అమ్మైనా పెట్టదు.
అడిగాను.

బెర్గెన్‌లో వాన. ఈ ఊళ్లో అది వార్త కాదు.
గణాంక విభాగం నేలమాళిగలో
నా కిటికీకి కనబడేవి దారినపోయేవాళ్ల బూట్లే.
మొదటి ఉత్తరం రాసిన రోజు
ఆ బూట్ల మీద మంచుంది.

ప్రొఫెసర్ రాక్నెస్ సెలవులో ఉన్నారు.
ఆయన విద్యార్థి ఉద్యోగం మారాడు.
పాత కంప్యూటర్ పోయింది, కొత్తదాంట్లో ఫైలు తెరుచుకోదు.
నైతిక సంఘం ఒప్పుకోవాలి, సంఘం జూలైలో కూర్చోదు.
ఇంతకీ మీకెందుకు?

ఎందుకంటే ఏం చెప్పను?
ఎనిమిది వందల ఆరుగురు
చొక్కా చేతులు పైకి మడిచి, రెండేళ్లలో ఆరుసార్లు,
పట్టీ బిగిసి వదిలేదాకా కదలకుండా కూర్చున్నారు.
మీకెందుకని వాళ్లడిగితే
పదిమందికీ పనికొస్తుందన్నారట.

పద్నాలుగు నెలలకి కవరొచ్చింది.
లోపల ఒక సీడీ. దాని మీద పెన్నుతో
"లోఫోటెన్ చివరిది". కింద, వేరే సిరాతో, "నిజంగా చివరిది".

పేర్లు తీసేశారు. మంచిదే.
కింది రక్తపోటు వరస:
ఎనభై నాలుగు, తొంభై ఒకటి, డెబ్భై ఎనిమిది, తొంభై తొమ్మిది,
ఎనభై ఎనిమిది, తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది.
మొత్తం ఫైల్లో తొంభై ఎనిమిదులు నాలుగు. వందలు మూడు.
తొంభై తొమ్మిదులు రెండు వందల పదకొండు.
మనుషుల నెత్తురు అంత క్రమశిక్షణతో పొంగదు.

స్వోల్వేర్‌కి ఫోన్ చేశాను.
బోర్గ్‌హిల్డ్ ఔనె, ఎనభై మూడేళ్లు, అప్పటి నర్సు.
విని నవ్వింది.
"అది రక్తపోటు కాదమ్మాయ్. రాలేదని గుర్తు.
జనవరి నుంచి కాడ్ చేప దిగుతుంది.
చేప దిగాక ఆసుపత్రికి ఎవడొస్తాడు?
గడి ఖాళీగా వదిలితే మిషన్ ముందుకు పోనిచ్చేది కాదు,
తొంభై తొమ్మిది కొట్టమన్నారు, కొట్టాను.
ఎవరైనా అడిగితే చెప్పేదాన్నే."

తర్వాత తనే, గొంతు తగ్గించి:
"రెండు వందల పన్నెండో నంబరు ఉన్నాడా అందులో?"
ఉన్నాడు. మొదటి మూడుసార్లు అంకెలున్నాయి.
నాలుగు, ఐదు, ఆరు, తొంభై తొమ్మిది.
"ఉంటాయి," అంది.
లైన్లో గాలి చప్పుడు, ఎక్కడో కెటిల్ కూత.
పేరు ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.
ఇరవై రెండేళ్లుగా ఆ మనిషి నెత్తురు
మా సగటులో పోటెత్తుతూనే ఉంది.

చీటీలు వేసినప్పుడు పడవలవాళ్లు ఎక్కువమంది
చక్కెర బిళ్లల వైపు పడ్డారు. ఎవరి తప్పూ కాదు.
గుర్తులు తీసేసి మళ్లీ లెక్క కట్టాను.
మందు మంచిదే.
చెప్పుకున్నదాంట్లో సగం మంచిది.

కోపం సిద్ధంగా పెట్టుకున్నాను.
రాక్నెస్ ఫోన్ చేసి, దగ్గి, అన్నాడు:
"దాచలేదు నేను. ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.
ఆ మాట చెప్పడానికి సిగ్గేసి
దాచాననే అనుకోనిచ్చాను."
ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక
టీ పెట్టుకున్నాను.

సవరణ ఇద్దరి పేరుతోనూ అచ్చయింది.
ఫైలు అందరికీ తెరిచిన భాండారంలో ఉంది ఇప్పుడు,
పక్కనే ఒక పేజీ, ఏ వరసంటే ఏమిటో.
బోర్గ్‌హిల్డ్‌కి చదివి వినిపించాను, ఒకచోట ఆపింది:
"రాలేదు అని ఊరుకోకు. సముద్రం మీద ఉన్నాడు అని కూడా రాయి."
రాశాను.

సోమవారం పొద్దున చూస్తే
పక్కన అంకె ఒకటి నుంచి రెండుకి మారింది.
ఎవరో తీసుకున్నారు. ఏ దేశమో, ఏ పనికో.
పైన, తడి బూట్లు పోతున్నాయి.
ఎవరూ నన్ను అడగలేదు.