మూడో జోన్

తిరుపతి బస్టాండు వెనక లాడ్జి,
మెట్ల కింద గోడకు ఎర్ర పెట్టె.
"పచ్చ దీపం చూసి నిద్రబోవద్దప్పా" అన్నాడు చెంగల్రాయుడు,
తాళంచెవి నా చేతికిస్తా.
"పగలు మోడ్‌లో ఉంటే నిన్ను అడుగుతాది,
రెండు నిమిషాలు ఆగుతాది.
రాత్రి మోడ్‌లో అడగదు. అరుస్తాది."

రెండున్నరకి అరిచింది.
మూడో జోన్, మూడొందల పన్నెండు.
తలుపు తీస్తే
గుండు మీద గంధం ఆరని పెద్దాయన,
స్టీలు పళ్లెంలో కర్పూరం.
"మా ఇంటామె మొక్కు నాయనా.
ఆమె రాలేకపోయింది."

సైలెన్స్ నొక్కాను. రీసెట్ నొక్కాను.
పొగ వినలేదు, మళ్లీ కూత.
చివరికి జోన్‌నే పక్కన పెట్టాను.
అంతస్తంతా మళ్లీ దుప్పటి కప్పుకుంది.

పసుపు దీపం ఒక్కటే వెలుగుతోంది:
ఒక చెవి మూసుకున్నాను,
గుర్తుంచుకో, గుర్తుంచుకో.

పద్నాలుగు గదుల నిద్ర.
ప్లాస్టిక్ కుర్చీ పైకి లాక్కెళ్లి
ఆ వరండాలో
ముక్కుతో కాపలా కాశాను.

మొదటి కొండ బస్సు హారన్ వేళకి
వాసన పోయింది.
తాళం తిప్పాను, పసుపు ఆరింది.

రిజిస్టర్‌లో ఒక గడి: కారణం.
'మొక్కు' అని రాసి
కొట్టేసి
'పొగ' అని రాశాను.