రెండు ఇంటు రెండు

తాడిపత్రిలో మా జిమ్ము
టైర్ల షాపు మీద, రేకుల కింద.
గోడకు ఎర్రరంగుతో నేనే రాయించినా:
"నొప్పి లేనిదే ఫలం లేదు."
పెయింటర్ దస్తగిరికి మున్నూరు ఇచ్చినా.

అనంతపురంలో నాలుగు రోజుల శిక్షణ అంటే
కొత్త మిషన్లు చూపిస్తారనుకొని పోయినా.
పదకొండు మంది కండలోళ్ళం,
కల్యాణమంటపం పైగదిలో ప్లాస్టిక్ కుర్చీలు.
ఫిజియోథెరపీ హేమావతి మేడం మొదటి మాట:
"మీలో ఎవరికి నొప్పి ఉంది?"
ఫ్యాను తిరుగుతాంది. అంతే.
మూడేండ్లుగా నా కుడి భుజం
చొక్కా తొడిగేటప్పుడల్లా నన్ను పేరు పెట్టి పిలుస్తాది.
ఆ చెయ్యే ఎత్తాల్సింది. ఎత్తలే.

రెండో రోజు చెప్పింది:
గాయం మానిపోయినాక కూడా
నొప్పి ఇల్లు ఖాళీ చెయ్యకపోవచ్చు.
స్కాను బాగుందంటే
మనిషి అబద్ధమాడతాందని కాదు.
ఎన్ని కిలోలు ఎత్తుతావని అడిగే ముందు
రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి.
బాగలేని రోజు వాళ్ళే ఆగిపోతారు,
బాగున్న రోజు మీరు ఆపాల.

నోట్సులో రాసుకున్నా, కింద గీత కూడా కొట్టినా.

ఆ మరుసటి నెల ఓబుళమ్మ వచ్చింది.
నాపరాళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై రెండేండ్లు,
లారీకి బండలెత్తి, పాలీషు నీళ్ళల్లో నిలబడి.
ముగ్గురు డాక్టర్లు, రెండు స్కాన్లు, ఒక పుత్తూరు కట్టు.
"ఏమీ లేదంటారు నాయనా.
ఏమీ లేకుంటే
రాత్రంతా నా పక్కన పండుకునేది ఏంది?"

సున్నా నుంచి పది లోపల నొప్పి ఎంతని
నేర్పినట్టే అడిగినా.
"పదీ గిదీ నాకేం తెలుసు.
ఈ పొద్దు నాలుగు ఇంటు రెండు" అనింది,
లారీ డ్రైవరుకు బండ సైజు చెప్పినట్టు.

రిజిస్టరులో అట్లే ఎక్కించినా.
సోమవారం, నాలుగు ఇంటు రెండు.
బుధవారం, మూడు ఇంటు రెండు, నిద్ర లేదు.
శుక్రవారం, మళ్ళీ నాలుగు ఇంటు రెండు,
అదీ పాలీషు కాని బండ, అంచులు కోస్తాండాయంట.

కుర్చీలోంచి లేయడం, కూచోడం, ఐదు సార్లు.
గోడకు అరచేతులానించి తోయడం, రవ్వంత.
డంబెల్స్ పిల్లోళ్ళు
అద్దంలో ఒకరినొకరు చూసుకొని నవ్వినారు.

ఆరో వారం
"రెండు ఇంటు రెండు!" అంటా వచ్చింది,
మెట్లకాడ కమ్మీ పట్టుకోకుండా.
ఐదు చేసింది. ఎనిమిది చేసింది.
నా ఛాతీ ఉబ్బింది. "ఇంకొక్కటి ఓబుళమ్మా" అన్నా.
"ఇంకొక్కటి."
పదేండ్లుగా ఆ మాట నా నోట్లో కాపురముంది.

పదమూడు రోజులు రాలే.

ఫ్యాక్టరీకి పోయినా.
రంపం అరుస్తాంది, కాలవలో బూడిద నీళ్ళు.
షెడ్డులో గోనెసంచి మీద ఒక పక్కకు ఒరిగి ఉంది.
"తప్పు నాది" అన్నా. రంపం మోతకు వినబడలే.
మళ్ళీ అరిచి చెప్పినా,
పనోళ్ళందరూ తిరిగి చూసేటట్టు.
ఆమె నవ్వింది.
"ముగ్గురు డాక్టర్లల్లో ఒక్కరూ ఈ మాట అనలే."

ఇప్పుడు మళ్ళీ ఐదు. కొన్ని దినాలు మూడు.
నొప్పి పోయిందా అని అడిగేటోళ్ళకు
పోలేదనే చెప్తా.
మొన్న మనవరాలికి తల దువ్వను కింద కూచొని
ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచిందంట.
ఏ గడిలో రాయాల్నో తెలీక
రిజిస్టరు అంచున రాసినా.

గోడ మీద అక్షరాలు చెరిపించినా.
దస్తగిరి ఈసారి ఐదునూర్లు అడిగినాడు,
రాసేదాని కంటే చెరిపేదే పని ఎక్కువన్నాడు.
సున్నం ఎనకాల ఎరుపు ఇంకా కనబడతానే ఉంది.

నిన్న తలుపులు మూసే ముందు
ఓబుళమ్మ అడిగింది, "నీ భుజం ఎంతుంది ఈ పొద్దు?"
ఎట్ల కనుక్కునిందో.
ఏం లేదనబోయినా.
"మూడు ఇంటు రెండు" అన్నా.

పెన్ను నా చేతిలోంచి తీసుకునింది.
అక్షరాలు రావు ఆమెకు,
అంకెలు బండలు నేర్పినాయి.
నా పేరుండాల్సిన చోటు ఖాళీగా వదిలి
పక్కన మూడు వేసింది,
ఒక అడ్డగుర్తు,
రెండు.