ఐదో దెబ్బ

ఆదోనిలో కరెంటు పోయిన రాత్రి
పాలు తాగుతా తాగుతా పిల్లోడు ఆగిపోయినాడు.
ఏడుపు లేదు, దగ్గు లేదు.
సెల్లు వెలుగులో పెదాలు నేరేడుపండు రంగు.
పిలుద్దామంటే ఇంకా పేరు పెట్టలేదు.

మా ఆయన 108కి ఊరి పేరు చెప్పినాడు,
వీధి పేరు మర్చిపోయినాడు.

గోడవతల నుంచి ఆశా వర్కర్ మహబూబ్బీ అరుపు:
"ముంజేతి మీద బోర్లా ఏసుకో ఉరుకుందమ్మా!
దవడ పట్టుకో, తల కిందికి!
రెక్కల నడుమ కొట్టు, అరచేతి మొదలుతో!"

దోమ వాలితే ఊదిన వీపు అది.
ఒకటి.
"గట్టిగా!"
రెండు, మూడు,
నాలుగు నోట్లోనే ఆగింది.

ఐదుకి
పెరుగు తునకంత ఏదో నా పాదం మీద పడింది.
ఆమీట ఏడుపు.
వీధంతా లేచింది.
ఊరుకోబెట్టేదానికి ఎవురికీ మనసు రాలేదు.

అంబులెన్సులో చూసినా,
వీపున ఎర్రగా
నా చెయ్యి.